మొసలికోటలో ఆవకాయ జాడీ

ధూమ్రవతి నది నడిమధ్యన, నీళ్ళలోంచి లేచి ఎండకాగుతున్న మొసలిలా ఉంటుంది ఆ కోట. వీపంతా నల్లరాతి బురుజులు పొలుసుల్లా బారులు తీరి ఉంటాయి. కళ్ళున్న చోట పచ్చలు తాపిన రెండు గవాక్షాలు పట్టపగలు కూడా ఆకుపచ్చగా మండుతుంటాయి. తెరిచిన నోటికి పైన ఇరవై, కింద ఇరవై ఇనుప కోరలు. ఒక్కో కోర తాటిమానంత పొడుగు. సుంకంవాళ్ళు గొలుసు వదిలారంటే పైకోరలు దబ్బున పడి ఏనుగునైనా రెండు ముక్కలు చేస్తాయి.

నదికి ఎగువన సుడిగుండాలు, దిగువన జలపాతం. కనుక తూర్పు గట్టున ఉన్న తొగరకొండ రాజ్యం నుంచి పడమటి గట్టున ఉన్న నీలశంఖ రాజ్యానికి పోవాలంటే ఎంతటివాడైనా ఆ కోటలో దూరి పోవలసిందే. అదైనా ఎలాగ? తోకలోంచి లోపలికి పోయి నోట్లోంచి బయటికి రావాలి. లోకంలో జీవాలన్నీ నోటితో తింటాయి. ఈ మొసలి మాత్రం మనుషుల్ని తోకతో మింగి, వాళ్ళ చేతుల్లో ఉన్న తిండి కాస్తా లోపల దాచుకుని, ఉత్త మనుషుల్ని నోట్లోంచి కక్కుతుంది.

ఆ తోక మెట్ల మీద, కదలని వరసలో నిలబడి, కొమ్మసాని కుతకుతా ఉడికిపోతోంది.

కొమ్మసాని అంటే తొగరకొండ రాజుగారి వంటశాలకు పెద్ద. యాభై అయిదేళ్ళ మనిషి. చెయ్యి ఎంత చల్లనిదో నోరు అంత వేడి. రాకుమార్తె కువలయకు పాలు మాన్పించి మొదటి అన్నం ముద్ద పెట్టింది ఈవిడే. ఆ రోజు ఆ పిల్ల ముద్ద మింగి, ఇంకా పెట్టమని ఈవిడ వేలు కొరికింది. ఆ గాటు ఏ వేలిమీద పడిందో ఇప్పటికీ చూపిస్తుంది.

ఆ కువలయను నీలశంఖ రాజుకిచ్చి పెళ్ళి చేసి నాలుగేళ్ళయింది. ఇప్పుడు పన్నెండు రోజులుగా ఆ పిల్ల నోట్లో ఏది పెట్టుకున్నా బూడిదవుతోంది. పాయసం పెడితే బూడిద. పండు పెడితే బూడిద. ఎవడో మాంత్రికుడు ఆమె నాలుక మీద మంత్రం వేశాడు. వాడెవడో ఎవరికీ తెలియదు. కొండగుహలో ఉండే యోగిని మాత్రం విరుగుడు చెప్పింది. పన్నెండేళ్ళు భూమిలో పాతిన ఇప్పసారాతో నోరు పుక్కిలించాలి. వెంటనే, మొట్టమొదటి ముద్ద పెట్టిన చేత్తోనే ఈ ఏటి మామిడికాయలతో కలిపిన ఆవకాయ అన్నం తినాలి. సారా లేకుండా ఆవకాయ పనిచేయదు. ఆవకాయ లేకుండా సారా పనిచేయదు. పదమూడో రోజు దాటితే ఏదీ పనిచేయదు, పిల్ల దక్కదు. అంటే రేపటితో సరి.

కబురు అందిన పూటే కొమ్మసాని కాయ కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు కలిపి, పప్పునూనె పోసి, జాడీ మూతికి గుడ్డ కట్టి బయలుదేరింది. ఇవాళ మూడోనాడు. ఆవకాయ పెట్టిన ఏ ఇంట్లోనైనా మూడోనాడు జాడీ విప్పి, పొడిచెయ్యి పెట్టి, అడుగుముక్క పైకీ పైముక్క అడుక్కీ వచ్చేలా తిరగ కలుపుతారు. కలపకపోతే ఉప్పంతా అడుగునే కూర్చుంటుంది, పైన బూజు కడుతుంది. తడి తగిలినా అదే గతి. నది దాటాక అవతలి గట్టున తీరికగా కలుపుకుందామనుకుంది కొమ్మసాని. పొద్దున్నుంచీ వరస మూడు మెట్లు ఎక్కింది.

ముందున్నవాళ్ళను చూస్తుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఒకావిడ పురుడు పోసుకున్న కూతురి కోసం చేసిన అరిసెలు సుంకంవాళ్ళకు వదల్లేక మెట్ల మీదే కూర్చుని తినేస్తోంది. తింటూ ఏడుస్తోంది. ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా తలా ఒకటి పెడుతోంది. ఒక తాత అల్లుడికని తెచ్చిన ఈతకల్లు కుండ ఎత్తి గటగటా తాగేసి, "ఇప్పుడు పట్టుకోండిరా, నా కడుపులో ఉంది" అని అక్కడే వాలిపోయాడు.

"పెద్దమ్మా, కాస్త గొంతు తగ్గించు. పైకే తిడుతున్నావు," అన్నాడు వెనకనుంచి కావడి మోస్తున్న మనిషి.

మొహాన మసి, తలకు చిరుగుల పాగా. చూస్తే కూలివాడు. నిజానికి వాడు కువలయ తోడబుట్టిన అన్న, తొగరకొండ యువరాజు ధవళకేతుడు. యువరాజు వస్తున్నాడని తెలిస్తే మాంత్రికుడి మనుషులు అక్కడికక్కడే చంపుతారని ఈ వేషం.

"ఎవర్రా నీకు పెద్దమ్మ? కూలోడివి కూలోడిలా ఉండు," అని గట్టిగా అని, కొమ్మసాని గొంతు తగ్గించింది. "తప్పు బాబూ, అందరూ వింటున్నారు. అమ్మగారూ అను. ఆ వీపు కాస్త వంచు. కొలువులో నిలబడ్డట్టు నిలబడితే కావడి మోసేవాడని ఎవరు నమ్ముతారు?"

ఎండ నడినెత్తికొచ్చేసరికి సుంకం బల్ల దగ్గరికి చేరారు. తాటాకుల కట్ట ముందేసుకుని ఒక పొట్టి సుంకరి కూర్చుని ఉన్నాడు. పక్కన పీట మీద పంచలోహ ముంగిస. గురిగింజల కళ్ళు, రాగి మీసాలు. ఆ కోటలో ఎవరి మూటలో ఏ తిండి ఉన్నా వాసన పట్టేది అదే.

"మూట నువ్వే కట్టావా?" సుంకరి తల ఎత్తలేదు.

"నేను కట్టక మీ అమ్మ కట్టిందా?"

"ఎవరైనా ఇచ్చి పంపిన సరుకుందా?"

"లేదు."

"విత్తనం, మొలక, పాలు, వెన్న, మాంసం, మత్తు."

"మనిషి మొహం చూసి అడుగు నాయనా. తల ఎత్తితే మెడ విరగదు."

సుంకరి తల ఎత్తలేదు, చిటికె వేశాడు. ముంగిస పీట దిగి గలగలలాడుతూ వచ్చి, కావడికి ఒక పక్కన కట్టిన సొరబుర్ర మీద ముక్కు పెట్టి కీచుమంది.

"సారా," అని రాసుకున్నాడు సుంకరి. "జప్తు."

"జప్తు ఎందుకవుతుంది? దారిలో తాగడానికి మనిషికొక బుర్ర పట్టుకుపోవచ్చని మెట్ల దగ్గర రాతి పలక మీద మీరే చెక్కించారు. మేం ఇద్దరం. ఉన్నది ఒకటే బుర్ర."

"మూత తీసి ఉంటే దారిలో తాగే సారా. మూత బిగించి మైనం పోస్తే అది సరుకు."

"అయితే ఉండు, మూత తీస్తాను."

"బల్ల దగ్గర మూత తీస్తే కోటలో తాగినట్టు లెక్క. కోటలో తాగితే కొరడా."

కొమ్మసాని పళ్ళు పటపట కొరికింది. ఈలోగా ముంగిస రెండో పక్కన జాడీ చుట్టూ తిరిగి ఇంకా గట్టిగా కీచుమంది.

"ఇదేంటి?"

"ఆవకాయ."

సుంకరిది నీలశంఖ రాజ్యం. అక్కడివాళ్ళు చేప పట్టిన పూటే తింటారు, కాయ కోసిన పూటే కొరుకుతారు. ఊరబెట్టుకు తినడం వాళ్ళు ఎరగరు. సుంకరి మొదటిసారి తల ఎత్తాడు.

"అంటే?"

"మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె."

"ముక్కకు టెంక ఉందా?"

"టెంక లేకపోతే ముక్క నిలుస్తుందా? నాలుగు రోజుల్లో మెత్తబడి ముద్దవుతుంది."

"టెంక అంటే విత్తనం. విత్తనం జప్తు."

"ఒరే నాయనా, ఉప్పులో కారంలో నూనెలో మూడు రోజులు నానిన టెంక మొలుస్తుందట్రా? మొలిస్తే ఆ చెట్టుకి ఆవకాయలే కాస్తాయి. నీ పేరు చెప్పుకుని తింటాం."

వరసలో ఉన్న జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులు వినబడి లోపలినుంచి కోట సుంకాధికారి కుంభోదరుడు వచ్చాడు. ముందు ఆయన పొట్ట వచ్చింది, తరవాత ఆయన వచ్చాడు. ఎవరి దగ్గరో గుంజుకున్న తేనెపట్టు పిండుకు తింటున్నాడేమో, అయిదు వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి చప్పరిస్తున్నాడు. జాడీ చూశాడు. మూతికి కట్టిన గుడ్డ ఒక పక్క లాగి, ఎంగిలితో తడిసి మెరుస్తున్న చేతిని లోపల పెట్టబోయాడు.

ఆ తరవాత జరిగింది కొమ్మసాని ఆలోచించి చేసింది కాదు. ముప్పై ఏళ్ళుగా వంటశాలలో ఎవరు జాడీలో తడిచెయ్యి పెట్టబోయినా, వాడు మంత్రి కొడుకైనా సరే, ఆవిడ నడుముకు దోపుకున్న చెక్కగరిటె దానంతటదే లేచేది. ఇప్పుడూ అంతే. ఠపీమని కుంభోదరుడి చేతి కణుపుల మీద పడింది.

ముంగిస గబుక్కున పీట కిందికి దూరింది.

"తడిచెయ్యి," అంది కొమ్మసాని, ఊపిరి బుసకొడుతూ. "జాడీలో తడిచెయ్యి పెడతావా? ఎంగిలి చెయ్యి పెడతావా? నిన్ను పెంచినవాళ్ళు ఇంత మాత్రం చెప్పలేదా నీకు?"

కుంభోదరుడు చెయ్యి నిమురుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ధవళకేతుడి చెయ్యి, అక్కడ లేని కత్తి కోసం, నడుము తడుముకుంది.

"తినే వస్తువు కోసం ఎవరూ సుంకాధికారిని కొట్టరు. ప్రాణాలకు తెగించి కొట్టిందంటే ఇందులో ఉన్నది మామిడికాయ కాదు. అడుగున వజ్రాలున్నాయి." సుంకరి వైపు తిరిగాడు. "పొద్దు వాలగానే జాడీ తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో బోర్లించండి. ముక్కముక్కా కడిగి చూడండి."

కొరడాతో కొట్టమన్నా కొమ్మసానికి అంత మంట పుట్టేది కాదు. నీళ్ళలో బోర్లించడమట. కడగడమట. మళ్ళీ గరిటె ఎత్తింది. నలుగురు భటులు పట్టుకుని, ఆవిడనూ కూలివాడినీ బందీల గదిలోకి తోసి తలుపేశారు.

ఆ గదిలో కొమ్మసాని కూర్చోలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది.

"కడుగుతాడట. వీడి కోట కడగ. వీడి పుట్టుక కడగ. ఆ పిల్ల అక్కడ చిక్కి పుల్లైపోతుంటే ఇక్కడ వీడికి వజ్రాలు కావాలట."

"పెద్దమ్మా, ఈ ఊచలు వంచగలననుకుంటా," అన్నాడు ధవళకేతుడు కిటికీ పట్టుకుని లాగుతూ.

"వంచి ఎక్కడికి పోతావు, జాడీ లోపల పెట్టుకుని?"

అప్పుడే తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక సన్నటి భటుడు తల లోపల పెట్టి, గుసగుసగా అడిగాడు. "మీలో అన్నం వండడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఎందుకు?"

"ఏం చెప్పమంటావమ్మా. లోపల యాభై ఆరు దేశాల పిండివంటలున్నాయి, పులుసులున్నాయి, నెయ్యి ఉంది. వేడన్నం ఒక్కటీ లేదు. ప్రయాణాల్లో వేడన్నం ఎవరు తెస్తారు? వంటవాడు నిన్న పారిపోయాడు. అధికారిగారు విందుకు కూర్చోబోతున్నారు." అని, వెలుగులో ఆవిడ మొహం చూసి వెనక్కి తగ్గాడు. "నువ్వు ఆయన్ని కొట్టినదానివి కదూ?"

"కొట్టిన చెయ్యే వండుతుంది. కావాలా వద్దా?"

భటుడు గుటక మింగాడు. వాడు కూడా రెండు రోజులుగా వేడన్నం మొహం చూడలేదు. "కొంగు మొహం మీదకి లాక్కో. ఆయన కంట పడకు. ఈ కూలోడు నీళ్ళు మోస్తాడా?"

"మోస్తాడు. ఏరా, మోస్తావా?"

"మోస్తానమ్మగారూ," అన్నాడు తొగరకొండ యువరాజు వీపు వంచి.

మొసలి కడుపులో ఉంది జప్తుశాల. అందులోకి అడుగుపెట్టి కొమ్మసాని ఒక్క క్షణం కోపం కూడా మరిచింది. పైకప్పు కనబడనంత ఎత్తు గోడలు. గోడ పొడుగునా అరలు. అరల్లో వెన్న కాచిన నేతికుండలు, బంగారు రంగు తేనె నిండిన గాజు గిన్నెలు, కొబ్బరాకుల బుట్టల్లో కజ్జికాయలు, మునగాకు పొడి వేసిన పిడతలు, ఎండుచేపల దండలు తోరణాల్లా. ఒకవైపు ఇంగువ తిత్తులు, ఒకవైపు తాటితాండ్ర చాపలు చుట్టచుట్టి. మూలకు వందల కొద్దీ సొరబుర్రలు, కల్లు కుండలు, ద్రాక్షసారా నింపిన తోలు సంచులు. ఒక్కొక్కదానికీ వేలాడుతున్న తాటాకు చీటీ. అన్నిటిమీదా ఎవరో ఒకరి చేతి ముడి. ఎవరో పొయ్యి ముందు కూర్చుని, ఎవరి మొహమో తలుచుకుంటూ చేసిన తిండి అదంతా.

గోడమీద పెద్ద అక్షరాలు చెక్కి ఉన్నాయి. జప్తు చేసిన తిండి అగ్నికి ఆహుతి అని. పక్కనే అగ్నిగుండం. అందులో సాలీడు గూడు కట్టుకుంది.

కొమ్మసానికి కోపం తిరిగొచ్చింది.

మధ్యలో వెండి పీట మీద కుంభోదరుడు, చుట్టూ సుంకంవాళ్ళు. ఆవిడ పొయ్యి రాజేసి, గుండిగలో ఎసరు పెట్టి, ముసుగు సందులోంచి చూస్తోంది. కుంభోదరుడు ఒక మూట అందుకున్నాడు.

"ఇది ఎవరు ఎవరికి?"

పొట్టి సుంకరి చీటీ చదివాడు. "తల్లి, కొడుక్కి. సున్నుండలు."

కుంభోదరుడు ఒకటి నోట్లో వేసుకున్నాడు. కొమ్మసాని చూస్తుండగానే అతని చెంప మీద నెరిసిన జులపం నల్లబడింది. మరో మూట విప్పాడు. అత్త అల్లుడికి పంపిన గవ్వలు. నుదుటి మీద ముడత ఒకటి చెరిగిపోయింది. ఒకరి కోసం వండింది తాను తిని, వాళ్ళ ఆయుస్సు లాక్కుని తన ఆయుస్సు పెంచుకుంటున్నాడు. ఇందుకా ఈ కోట. ఇందుకా ఈ రాతి పలకలూ, ఈ ముంగిసా, ఈ ప్రశ్నలూ.

ఇంతలో కుంభోదరుడు కళ్ళు మూసుకుని, నోట్లో ఏమీ లేకుండానే నమలడం మొదలుపెట్టాడు.

"రాణిగారికి ఇప్పుడు పనసతొనలు పెడుతున్నారు," అన్నాడు చప్పరిస్తూ. "పాపం, పిల్ల నములుతోంది. తీపంతా నాకొస్తోంది. పన్నెండు రోజులుగా ఎంత మంచి వంటలు చేస్తున్నారో ఆ కోటలో. రేపటితో అయిపోతుందే అని బెంగగా ఉంది."

సుంకంవాళ్ళు నవ్వారు.

కొమ్మసాని చేతులు వాటంతటవే కుతకుత ఉడుకుతున్న అన్నం గుండిగను పట్టుకున్నాయి. మాంత్రికుడెవడో ఎవరికీ తెలియదన్నారు. వీడు. ఈ పొట్ట. తను వేలు కొరికించుకుని పెంచిన బిడ్డ నోటికాడ రుచి ఇక్కడ కూర్చుని మింగుతున్నాడు. గంజి నెత్తిన దిమ్మరిస్తే చాలు అనుకుని ఒక అడుగు వేసింది. వెనకనుంచి ధవళకేతుడు మణికట్టు పట్టుకున్నాడు.

"నాకూ అలాగే ఉంది పెద్దమ్మా. కానీ ముందు జాడీ. పొద్దు వాలుతోంది."

కొమ్మసాని కళ్ళు మూసి తెరిచింది. గంజి వార్చింది. ఆకుల్లో పొగలు కక్కే అన్నం పడగానే సుంకంవాళ్ళు పోగై కూర్చున్నారు. ఇక ఒకరి మొహం ఒకరు చూడలేదు.

జాడీ మూడో అరలో ఉంది. దాని కింద పంచలోహ ముంగిస కాపలా. జప్తు సరుకు అంగుళం కదిలినా వాసన మారుతుంది, వాసన మారితే కీచుమంటుంది. ధవళకేతుడు నీళ్ళకడవ దించుతున్నట్టు వంగి, పక్కనున్న తిత్తి చింపి, రేగుపండంత ఇంగువ ముద్దలు రెండు తీసి, ముంగిస ముక్కు రంధ్రాల్లో చెరొకటీ కుక్కాడు. గురిగింజల కళ్ళు ఒకసారి గిర్రున తిరిగాయి. దానికి లోకమంతా ఇంగువే అయిపోయింది. జాడీ దిగింది. ఖాళీ అయిన గుండిగలోకి చేరింది. కొమ్మసాని అడ్డంగా నిలబడి కొంగు విప్పి దులుపుకుంది.

"బుర్ర?"

"పెట్టాను. తాడు కట్టినదే."

గుండిగ మీద మూత పెట్టి, ధవళకేతుడు నెత్తికెత్తుకున్నాడు. ఆవిడ ముందు నడిచింది. నోటి మెట్ల దగ్గర ఆ సన్నటి భటుడే ఆకు పట్టుకుని తింటున్నాడు.

"ఎక్కడికి?"

"గుండిగ అడుగంటింది. నదిలో రుద్ది తెస్తాం."

భటుడు నోరు నిండా అన్నంతో చెయ్యి ఊపాడు. "బాగా వండావమ్మా."

కింది కోరలకు పడవలు కట్టి ఉన్నాయి. ఒకదాంట్లో ఎక్కి కట్టు విప్పారు. పడవ రెండు బారలు కదిలిందో లేదో, లోపల ముంగిస తుమ్మింది. పంచలోహపు తుమ్ము అది, వంద కంచు పళ్ళేలు ఒకేసారి రాతిమీద పడ్డట్టు మోగింది. ఇంగువ ముద్దలు రెండూ ఎగిరి ఒకటి నేతికుండలో, ఒకటి కుంభోదరుడి ముక్కు మీద పడ్డాయి. వెంటనే అది కోటంతా వినబడేలా కీచుమంది.

"జాడీ," అని కుంభోదరుడు అరిచిన అరుపు మొసలి గొంతులోంచి నది మీదికొచ్చింది. "గొలుసు వదలండి."

ఇరవై ఇనుప కోరలు ఒక్కసారిగా పడ్డాయి. పడవ వెనుక చెక్క ఒక మూర పోయింది. మిగతా పడవ, అందులో ఇద్దరూ, గుండిగా నదిలోకి విసిరేసినట్టు పోయాయి. బురుజుల మీంచి బాణాలు మొదలయ్యాయి. ధవళకేతుడు తెడ్లు అందుకుని ప్రాణం పెట్టి లాగుతున్నాడు.

"పెద్దమ్మా, పడుకో. పడవ అడుక్కి ఒరుగు."

కొమ్మసాని పడుకోలేదు. పడమటి వైపు చూసింది. పొద్దు నీళ్ళకు జానెడు ఎత్తున ఎర్రగా ఉంది. ఆవిడ జాడీ తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. ఖాళీ గుండిగ ఎత్తి నెత్తిన బోర్లించుకుని, దాని అంచు జాడీ మీదికి వచ్చేలా వంగింది. నీటితుంపర ఒక్కటి లోపల పడకుండా. చెయ్యి మోచేతిదాకా పొడి కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది.

"ఇప్పుడా?" అన్నాడు ధవళకేతుడు.

"మూడోనాడు పొద్దు గుంకాక కలిపితే నాలుగోనాడే. నువ్వు తెడ్డెయ్యి. పడవ ఊపకు."

మూతి గుడ్డ విప్పింది. నూనె పైకి తేలి ఎర్రగా నిలిచి ఉంది. ఆవఘాటు ఒక్కసారి ముక్కుకు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి అడుగుదాకా పోనిచ్చింది. అక్కడ ఉప్పు గట్టిగా పేరుకుని ఉంది. వేళ్ళతో రేపి, అడుగుముక్క పైకి తెచ్చి, పైముక్క కిందికి తోసి, జాడీ గోడల వెంట చెయ్యి తిప్పింది. గుండిగ మీద బాణం పడి ఠంగుమంది. ఇంకొకటి పడింది. ఆవిడ తిట్టడం ఆపలేదు. ప్రతి తిప్పుకీ ఒక తిట్టు. కుంభోదరుడి పొట్టకొకటి, నాలుకకొకటి, వాడి రాతి పలకకొకటి, చీటీలకొకటి. కలపడం అయ్యాక వేలికొసన అంటినది నాలుక మీద రాసుకుంది.

"ఉప్పు సరిపోయింది," అంది. మూడు రోజుల్లో ఆవిడ నోట కోపం లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

గుడ్డ మళ్ళీ బిగించి కట్టింది. బాణాలు అందని దూరం వచ్చేశారు. పడమటి గట్టు మీద చేపలవాళ్ళ పాకలు, వాటి ముందు ఆరేసిన వలలు కూడా కనబడుతున్నాయి. ధవళకేతుడు తెడ్లు వదిలి, వగరుస్తూ నవ్వాడు.

"ఆ బుర్ర ఇలా తే బాబూ. పగల్లేదు కదా."

అతను కాళ్ళ దగ్గరనుంచి తీసి ఇచ్చాడు. దానికి ఎర్రతాడు కట్టి ఉంది. కొమ్మసాని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మూత లాగి వాసన చూసింది.

"ఇదేంటి?"

"సారా."

"ఆముదం."

ధవళకేతుడి మొహం మసి కింద పాలిపోయింది. పుట్టినప్పటినుంచీ అన్నీ ఎవరో ఒకరు చేతికందిస్తే తీసుకున్నవాడు. వందల బుర్రల్లో తమ బుర్ర ఏదో గుర్తుపట్టవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. "తాడు కట్టి ఉందిగా పెద్దమ్మా."

"అన్నిటికీ తాళ్ళే ఉంటాయి నాయనా. నేను కట్టింది పసుపుతాడు."

అదే సమయానికి కోట మీద ఆకుపచ్చ గవాక్షంలో కుంభోదరుడు కనబడ్డాడు. ముక్కు ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. రెండో చేత్తో సొరబుర్ర పైకెత్తి చూపించాడు. వాలుతున్న పొద్దులో దాని మెడకు కట్టిన పసుపుతాడు స్పష్టంగా కనబడింది.

"మళ్ళీ రాకండి," అన్నాడు. నీళ్ళ మీద ఆ గొంతు పక్కనే అన్నట్టు వినిపించింది. "రాత్రి భోజనంలోకి ఇది తాగుతాను."

ధవళకేతుడు పాకల వైపు చూశాడు. చెల్లెలి కోట అక్కడికి ఒక్క పూట దారి. "జాడీ దక్కింది పెద్దమ్మా. ముందు దీన్ని చేరుద్దాం. సారా సంగతి అక్కడ..."

"అక్కడ పన్నెండేళ్ళ సారా ఎవరు పాతి ఉంచారు? ఈ జాడీ మాత్రం పట్టుకెళ్ళి ఏం చేస్తాం? నా చేత్తో కలిపిన ముద్ద కూడా ఆ పిల్ల నోట్లో బూడిదవుతుంటే, దాని రుచి ఆ పొట్టకి పోతుంటే, నేను ఎదురుగా కూర్చుని చూడాలా?"

అతను వదిలేసిన తెడ్లు మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

కోట నోటి దగ్గర గొలుసు చప్పుడైంది. తరమడానికి సుంకంవాళ్ళు పడవలు సిద్ధం చేసుకుంటున్నారు. వాళ్ళు బయటికి రావాలంటే కోరలు లేవాలి. ఒక్కొక్కటే కీచుమంటూ పైకి లేస్తున్నాయి.

కొమ్మసాని జాడీని పాత చీర ముక్కలో చుట్టి, ముందు చెక్క కింద పొడిగా ఉన్న చోట ఇరికించింది. ఆముదం బుర్రకు మూత పెట్టలేదు, చేతిలోనే ఉంచుకుంది. నోటి మెట్ల మీద ఎంత నూనె పోయాలో, ఎంతమంది జారతారో మనసులో లెక్క వేసుకుంటోంది.

"తిప్పు బాబూ పడవ," అంది. "వాళ్ళే తలుపు తీస్తున్నారు."

ధవళకేతుడు ఒక్కసారి గట్టు వైపు, ఒక్కసారి ఆవిడ మొహం వైపు చూశాడు. కుడి తెడ్డు గట్టిగా వేశాడు. వెనక చెక్క లేని పడవ గిర్రున తిరిగి, సగం లేచిన ఇనుప కోరల కిందికి, మొసలి నోట్లోకి దూసుకుపోయింది.